వణకని గొంతు

రొయ్యల ఫ్యాక్టరీలో వీరవేణి ఏడ్చిందన్న కబురు ఒలిచే షెడ్డు నుంచి మెయిన్ గేటు దాకా పాకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

విదేశీ కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చిన మనిషి ఒక లాటు మొత్తం పక్కన పెట్టించాడు. కొన్ని రొయ్యల్లో నల్లనరం సరిగ్గా తియ్యలేదట. అందరి ఎదుటా వేలు చూపించి కేకలేసి వెళ్ళాడు. వీరవేణి సూపర్‌వైజర్ అయి అప్పటికింకా ఆరునెలలు నిండలేదు. ఐసు గది వెనక్కి వెళ్ళి, గంబూట్లతోనే తడినేల మీద చతికిలబడి, ముక్కు మీది మాస్క్ తడిసిపోయేలా ఏడ్చింది. అది చూసి వందమందికి పైగా ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. ఆ పూట పని సాగలేదు.

ఆమెను వెతుక్కుంటూ వచ్చింది నూకరత్నం ఒక్కతే. ఇద్దరూ పదహారేళ్ళ వయసులో ఒకేరోజు ఈ షెడ్డులో చేరినవాళ్ళు.

"ఏమే ఈరేణీ, మా పక్కన నిలబడి ఒలిచినన్నాళ్ళూ ఒక్కరి మాట పడలేదు నువ్వు. చేతికి పేర్ల కాయితం ఇత్తే ఏడుత్తావేటే?"

"నన్ను తిడితే పడేదాన్నే. మీ అందరి చేతుల్నీ కలిపి తిట్టాడే."

"మా చేతులకేం, కడిగేసుకుంటాం. లే. సూపరేజరమ్మ నేల మీద కూకుంటే చూసేవాళ్ళకి బాగోదు."

వీరవేణి లేచింది. కానీ అప్పటికే జీఎం గారి గదికి కబురు వెళ్ళిపోయింది.

జీఎం గారు కోప్పడలేదు. కూర్చోమన్నారు. "దెబ్బ తగలని మనిషుండదమ్మా. తగిలాక ఎంత తొందరగా తేరుకున్నామన్నదే లెక్క. పదిమందిని నడిపించేవాళ్ళకి ఉండాల్సిన గుణం అదే. అది నేర్చుకుంటే వస్తుంది. మన మేడ మీద డాక్టర్ త్రినాథ్ గారు అదే నేర్పుతున్నారు. వెళ్ళి కలవండి," అన్నారు.

మేడ మీద రెండు గదుల్లో త్రినాథ్ ప్రయోగశాల. అతనికి నలభై ఏళ్ళుంటాయి. మాట మెత్తన, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు పెన్నులు. వీరవేణిని కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్ళకు తీగలు తగిలించి, ఉన్నట్టుండి ఆమె వెనక స్టీలు పళ్ళెం పడేశాడు. ఆమె ఉలిక్కిపడింది. తర్వాత తెర మీద ఎవరో ఆమెను పేరు పెట్టి దెప్పిపొడిచారు. ఆమె గుండె మళ్ళీ మామూలుగా కొట్టుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

"ఎక్కువాండీ?" అని అడిగింది భయంగా.

"మంచి మనసుండేవాళ్ళకి ఇంతే పడుతుందమ్మా," అని నవ్వి, రూపాయి బిళ్లంత పలుచటి రేకు తీసి ఆమె చెవి వెనక అంటించాడు. గుండె ఉలిక్కిపడబోతున్న సంగతి మనిషికి తెలిసేలోపే ఆ బిళ్లకు తెలుస్తుంది. వెంటనే మెడ దగ్గరి నరానికి సన్నటి వణుకు పంపి, లేవబోతున్న అలను అణిచేస్తుంది. ఎప్పుడు ఎంత అణిచిందో త్రినాథ్ కంప్యూటరులో గీతగా రాసి పెడుతుంది. ఆరువారాలు పెట్టుకుంటే ఒంటికి అలవాటవుతుందనీ, ఆ తర్వాత బిళ్ల అవసరం ఉండదనీ అతను చెప్పాడు.

ఆరువారాలయ్యాయి. మళ్ళీ పళ్ళెం పడేశాడు. ఈసారి తొమ్మిది సెకన్లు పట్టింది. జీఎం గారు ఆ అంకె చూసి సంబరపడి, "ఇంత బాగా పనిచేస్తుంటే తియ్యడం దేనికి?" అన్నారు. త్రినాథ్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. వీరవేణి బిళ్ల తియ్యలేదు. తనిఖీ మనిషి మళ్ళీ వచ్చి మళ్ళీ కేకలేస్తే, అతని కళ్ళలోకి చూస్తూ, "ఏ బల్ల మీదవో చూపించండి సార్, సరిచేయిస్తాం," అనగలిగింది. ఆ రోజు షెడ్డులో ఒక్క చెయ్యి ఆగలేదు. బిళ్ల తీసెయ్యాలని ఎందుకనిపిస్తుంది?

ఇంటి దగ్గర మాత్రం ఒక సంగతి జరిగింది. భర్త పోయాక ఆమెకున్నది కూతురు నాగదుర్గ ఒక్కతే. ఆ పిల్లకు విశాఖపట్నంలో నర్సింగు సీటొచ్చింది. కాకినాడ బస్టాండులో తల్లి భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. వీరవేణి దాని జుట్టు సర్ది, హాస్టల్లో తాళం ఎక్కడ దాచుకోవాలో చెప్పి, సీటు చూపించి, చెయ్యి ఊపింది. నాలుగు రోజుల తర్వాత ఫోనులో పిల్ల అంది: "బస్సు ఇంకా కదల్లేదమ్మా. కిటికీలోంచి చూస్తే నీ వీపు కనబడింది."

"డ్యూటీకి టైమైపోయిందే."

"అదే. టైమైందని గుర్తుందే నీకు," అంది పిల్ల. వీరవేణికి ఆ మాట ఎక్కడో తగలబోయింది. తగల్లేదు.

*

షెడ్డులో ఒక అలవాటు ఉంది. పొద్దున పేర్లు పిలిచేటప్పుడు ఎవరైనా బస్సు అందక ఆలస్యమైతే, పక్కన నిలబడే మనిషి ఆమె బదులు "ఉన్నానమ్మా" అనేస్తుంది. అనకపోతే సగం రోజు కూలి పోతుంది. ఆ వచ్చే మనిషి పరుగున వచ్చి బల్ల దగ్గర చేరుతుంది. అందరికీ తెలిసిన రహస్యం అది. వీరవేణి కూడా ఎన్నిసార్లు నూకరత్నం బదులు పలికిందో, నూకరత్నం ఎన్నిసార్లు ఆమె బదులు పలికిందో.

సూపర్‌వైజర్ అయ్యాక వీరవేణి దాన్ని మాన్పించలేదు. కాకపోతే, బిళ్ల పెట్టుకోకముందు గొంతు మారినప్పుడల్లా ఆమె గుండెలో చటుక్కున ఏదో గుచ్చుకునేది. కాయితం మీంచి తలెత్తేది. "అది నీ గొంతు కాదే, అసలు మనిషేదీ?" అనేది. అవతల నవ్వులు. "వత్తన్నాదమ్మా, గేటుకాడుంది!" ఆ మనిషి కనబడేదాకా తర్వాతి పేరు చదివేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్రీజర్ల వైపు పైపు పగిలింది. చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు ఒక్కసారిగా షెడ్డులోకి కొట్టింది. కళ్ళు మంట, గొంతులో నిప్పు. పక్క షెడ్డు సూపర్‌వైజర్ అరుస్తూ ఎటో పరిగెత్తాడు. వీరవేణి పరిగెత్తలేదు. ఏప్రాన్లు నీళ్ళలో ముంచి ముక్కుకి కట్టుకోమంది. గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి ఎదురు తలుపు తెరిపించి, వరసకొక పెద్దమనిషిని పెట్టి, అందర్నీ లారీ కాటా దగ్గరికి నడిపించింది. ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. ఆ గొంతు పట్టుకునే అంతమంది ఆడవాళ్ళు బయటపడ్డారు. ఇది నిజం. తర్వాత ఎవరేం చెప్పినా ఇది మాత్రం నిజం.

కాటా దగ్గర పేర్లు పిలిచింది. కొందరు దగ్గుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు, కొందరు వెనక కుళాయి కింద మొహాలు పెట్టారు.

"దారా నూకరత్నం."

ఒక్క రెప్పపాటు ఎవరూ పలకలేదు. ఆ వెంటనే, "ఉన్నానమ్మా," అని సన్నటి గొంతు.

నూకరత్నం గొంతు సన్నంగా ఉండదు. అది బొంగురు గొంతు. పలికింది ఆమె పక్క బల్ల మనిషి లోవకుమారి. ఇరవై మూడేళ్ళ పిల్ల. నూకరత్నం వెనక కుళాయి దగ్గరుందనుకుంది. అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది.

వీరవేణి పేరు పక్కన టిక్కు పెట్టి తర్వాతి పేరు చదివింది.

మొత్తం నాలుగు నిమిషాల్లో పిలవడం అయిపోయింది. అందరూ ఉన్నారని కాయితం రాసి అగ్నిమాపక దళం వాళ్ళకిచ్చింది. అందుకని లోపల వెతకాల్సిన పని లేదనుకుని వాళ్ళు పైపు బాగుచెయ్యడం మీద పడ్డారు. గాలి తేటపడ్డాక ఆడవాళ్ళు గంబూట్లు విడిచి చెప్పులు తొడుక్కోవడానికి వెళ్ళారు. అరలో ఒక్క జత మిగిలింది.

నూకరత్నం చల్లగదిలో, ప్లాస్టిక్ తెరల వెనక, పక్కకి పడి ఉంది. ట్రే తేవడానికి వెళ్ళింది. నలభై నిమిషాలైంది.

ప్రాణం పోలేదు. ఊపిరితిత్తులు కాలిపోయాయన్నారు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఇక షెడ్డు ముఖం చూడలేదు.

విచారణ జరిగింది. తప్పుడు హాజరు పలికినందుకు లోవకుమారిని పనిలోంచి తీసేశారు. "పేర్లన్నీ చదివాను, అన్నింటికీ జవాబు వచ్చింది," అని వీరవేణి సాక్ష్యం కాయితం మీద సంతకం పెట్టింది. చేతిరాత ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చింది. కంపెనీ తరఫున పళ్ళబుట్ట పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే ఫోటో తీశారు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలని గుర్తొచ్చేది. గుర్తొచ్చిన చోట నొప్పి లేకపోవడంతో ఆ ఊహ అక్కడే ఆగిపోయేది.

*

మూడు నెలలకు, కంపెనీకున్న మిగతా ఫ్యాక్టరీల నుంచి నలభైమంది సూపర్‌వైజర్లను శిక్షణకు రప్పించారు. కాటా దగ్గర కెమెరాలో పడ్డ వీరవేణి వీడియో చూపించి, పక్కనే ఆమె గుండె గీత చూపించాలని ఏర్పాటు. వీరవేణి వాళ్ళతో మాట్లాడాలి. శిక్షణాధికారిగా పదోన్నతి కూడా మాటల్లో ఉంది.

ముందురోజు త్రినాథ్ ఆమెను పైకి పిలిచి రెండూ పక్కపక్కన నడిపించి చూపించాడు. పైపు పగిలినప్పుడు పెద్ద అల, వెంటనే అణిగింది. తర్వాత గీత చెరువు నీళ్ళలా సాగింది. ఒక్క చోట మాత్రం సన్నగా, నిటారుగా, ముల్లులా లేచింది.

"ఇక్కడేమయిందమ్మా? పైపు పగిలినప్పటికన్నా ఎక్కువ లేచింది. పేర్లు పిలుస్తున్నారంతేగా?"

వీరవేణి తెర వైపు చూసింది. "ఆ గొంతు నూకరత్నంది కాదండి," అంది, సరుకు పేరు చదివినట్టు.

త్రినాథ్ చేతిలోని పెన్ను ఆగిపోయింది. "మీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి?"

"తర్వాతి పేరు చదివాను."

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. "తీసెయ్యండమ్మా. ఆ బిళ్ల ఇప్పుడే తీసెయ్యండి."

ఆమె గోటితో లాగింది. చెవి వెనక చర్మం చల్లబడింది. మొదట ఏమీ కాలేదు. గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. తర్వాత మొదలైంది. అది భయం కాదు, దుఃఖం కూడా కాదు. చెవులు వేడెక్కాయి. తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గుండ్రటి సంతకం కళ్ళ ముందు కనబడింది. పళ్ళబుట్ట పట్టుకుని కెమెరాకు నవ్విన తన మొహం కనబడింది. ఆ గదిలో త్రినాథ్ ఒక్కడే ఉన్నా, చీరకొంగు లాక్కుని మొహం కప్పేసుకుంది.

"సిగ్గేస్తోందండి," అంది కొంగులోంచి. "అయ్యో, నాకు సిగ్గేస్తోందండి."

త్రినాథ్ కుర్చీ మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "తప్పు నాది. పడిపోయినవాళ్ళకి లేవడం నేర్పాలనుకున్నాను. పడడమే లేకుండా చేశాను. ఆరువారాలకు తీసెయ్యాలని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను." తెర వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఈ ముల్లు సంగతి మనిద్దరికే తెలుసు. దీన్ని తీసేసి కూడా చూపించొచ్చు. ఎనిమిదేళ్ళ పనమ్మా ఇది."

"లోవకుమారిని తీసేశారు కదండీ."

"తీసేశారు."

ఆమె బిళ్లను కొంగు చివర ముడేసుకుని లేచింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం వండుకుని తినలేకపోయింది. ఫోను తీసి కూతురి పేరు దాకా వెళ్ళి, ఏమని చెప్పాలో తెలియక పెట్టేసింది. చెప్తే ఉద్యోగం పోతుంది. దుర్గ చదువు దాని మీదే నడుస్తోంది. చెప్పకపోతే ఏమీ కాదు. అలమరలో ఆ బిళ్ల ఉంది. అంటించుకుంటే ఈ మంట తొమ్మిది సెకన్లలో పోతుంది. రెండుసార్లు అలమర దాకా వెళ్ళింది.

*

మర్నాడు హాలు నిండా జనం. కొత్త ఫ్యాన్లు, టీ కప్పులు, మెడలో కార్డులు. జీఎం గారు ఆమెను "మన ఉక్కు మహిళ" అన్నారు. చప్పట్లు. వీడియో నడిచింది. తెర మీద వీరవేణి నిటారుగా నిలబడి పేర్లు పిలుస్తోంది. పక్కన గీత సాఫీగా సాగింది. నూకరత్నం పేరు దగ్గర కూడా సాఫీగానే ఉంది. త్రినాథ్ ముల్లు తీసేశాడు.

ఆమెకు మైకు ఇచ్చారు. చెవి వెనక ఏమీ లేదు. గొంతు మొదటి మాటకే వణికింది.

"నాకు మాట్లాడ్డం రాదండి. ఆ వీడియోలో... నూకరత్నం పేరు పిలిచినప్పుడు పలికింది నూకరత్నం కాదు. వేరే పిల్ల పలికింది. ఆ పిల్లని తీసేశారు. కానీ ఆ గొంతు వేరని నాకు అప్పుడే తెలిసిందండి. తెలిసీ దాటేశాను. అందర్నీ చూశానని రాసిచ్చింది నేను. ఆ పిల్ల కాదు."

జీఎం గారు లేచారు. "వీరవేణి గారు అలిసిపోయారు. ఆ రోజు జ్ఞాపకాలు..."

"అలిసిపోలేదండి," అంది. ఏడుస్తోంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది, కానీ ఆపలేదు. "ఈ మాట మూడు నెలల కిందటే చెప్పాల్సింది."

వెనక వరసలో త్రినాథ్ లేచి నిలబడ్డాడు. "ఆవిడ చెప్పేది నిజం సార్. అసలు గీత నా దగ్గరుంది. ఇది నేను దిద్దింది." అని, తల పైకెత్తకుండా కూర్చున్నాడు.

ముందు వరసలోంచి భీమవరం సూపర్‌వైజర్, బొద్దుగా ఉన్న మనిషి, చెయ్యెత్తింది. "అయితే అక్కా, ఈ బిళ్ల వద్దంటారా? మాకు పొద్దస్తమానం తిట్లే. నేనూ బాత్రూములో ఏడిచి వచ్చినదాన్నే."

వీరవేణి ఆమె వైపు తిరిగింది. "ఆ బిళ్ల లేకపోతే ఆ రోజు అంతమందిని బయటికి తెచ్చేదాన్నో లేదో నాకు తెలీదమ్మా. అబద్ధం చెప్పను. కానీ నువ్వు ఏడిచి, మొహం కడుక్కుని, మళ్ళీ షెడ్డులోకి వెళ్ళావు చూడు, అది నీ సొంతం. నేను అది నేర్చుకోలేదు. నేర్చుకున్నాననుకున్నాను."

మైకు బల్ల మీద పెట్టేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జీఎం గారు ఆమె వైపు చూడకుండా, "రేపు నా గదికి రండి," అన్నారు.

*

ఇంకెవరైనా చెప్పేలోపు తనే చెప్పాలని తిన్నగా నూకరత్నం ఇంటికి వెళ్ళింది. రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. లోపల మంచం మీద దిండ్లకు ఆనుకుని నూకరత్నం. సగమైపోయింది. ఆ మంచం పక్కన నేల మీద గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది లోవకుమారి.

వీరవేణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రాయే, గొప్పదానా," అంది నూకరత్నం. మాటకీ మాటకీ మధ్య ఊపిరి. "దారి... తెలిసిందేటి?"

"ఈ పిల్ల ఇక్కడ..."

"రోజూ వత్తది. పని లేదుగా. జావ కాత్తది. ఉప్పెయ్యడం తెలీదు దీనికి."

లోవకుమారి తలొంచుకుని లేవబోయింది. "కూర్చో లోవా. నీకు కూడా చెప్పాలి," అంది వీరవేణి. నిలబడే చెప్పింది. హాలులో చెప్పినంత కూడా కుదరలేదు. అయినా అర్థమైంది ఇద్దరికీ.

"ఇన్నావా?" అంది నూకరత్నం.

"విన్నాను."

"నా గొంతు కాదని..."

"తెలిసింది."

ముప్పై ఏళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళు. నూకరత్నం ఆమెను తిట్టలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది.

"నా గొంతని కూడా తెలిసిందాండి?" అంది లోవకుమారి.

"తెలిసింది లోవా."

గిన్నె నేల మీద పెట్టేసింది ఆ పిల్ల. "మూడు నెలలండి. ఈవిడ దగ్గినప్పుడల్లా నేనే చంపేత్తన్నానని... మా అమ్మ నన్ను 'పాపిష్టి నోరు' అంటదండి. నేనూ అదే అనుకున్నాను." లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

"ఎల్లు," అంది నూకరత్నం గోడ వైపే చూస్తూ.

"రత్నం..."

"ఎల్లమన్నాను. ఇయాల నీ మొకం చూసే ఓపిక లేదు నాకు." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "మళ్ళీ రావాలంటే... దాన్ని అడుగు. నన్ను కాదు."

పెరట్లో బట్టలుతికే బండ మీద లోవకుమారి ఇటు వీపు పెట్టి కూర్చుంది. వీరవేణి వెళ్ళి ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. చెవుల దాకా వేడి. కాళ్ళు పారిపొమ్మంటున్నాయి.

"నీ పని నీకు ఇమ్మని రాసిస్తాను. నా సంతకంతో రాసిస్తాను."

"పని ఇప్పిత్తే అయిపోద్దాండి?"

"అవదు."

లోవకుమారి తిరగలేదు. ముక్కు ఎగబీల్చింది. పక్కింట్లో ఎవరో బిందె దించారు. మొహం అటే ఉంచుకుని అంది: "రేపు ఆవిడకి తల రుద్దాలి. లేపి కూకోబెట్టి పట్టుకోవాలి. నా ఒక్కదానివల్లా అవట్లేదు."

"వస్తాను." వీరవేణి ఒక అడుగు ముందుకేసింది. ఇంకోసారి చెప్పింది. "వస్తాను లోవా. ఏడింటికల్లా."

"ఆరింటికి రండి," అంది ఆ పిల్ల. "నీళ్ళు కాగబెట్టాలి."